నూటికి నూరు: ఒక కవలల కేసు, ఆర్నాల్ పాట్జ్ పట్టుకున్న ప్రశ్న

పాప నా దగ్గరికి వచ్చేసరికి వయసు 38 రోజులు. రావాల్సింది 30వ రోజు లోపు. ఆ ఎనిమిది రోజులు ఎక్కడ పోయాయో తర్వాత చెప్తాను, ముందు కేసు.

కవలలు. ప్రకాశం జిల్లాలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో 30 వారాలకే పుట్టారు. బాబు 1,480 గ్రాములు, పాప 1,320. (కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.) బాబుకి మూడు రోజులు ఆక్సిజన్ పెట్టి తీసేశారు. పాపకి ఊపిరి నిలకడగా లేదు, మధ్యలో ఇన్‌ఫెక్షన్ కూడా వచ్చింది, మొత్తం 19 రోజులు ఆక్సిజన్ మీదే ఉంది. డిశ్చార్జ్ షీట్‌లో మందులన్నీ అయిపోయాక, అట్టడుగున, "కంటి పరీక్ష చేయించవలెను" అని ఒక ముక్క. ఎప్పటిలోపు, ఎక్కడ, ఎందుకు, ఏమీ లేదు. ఇంట్లోవాళ్లు దాన్ని విటమిన్ చుక్కలతో సమానంగా చూశారు. వాళ్ల తప్పేముంది.

తల్లీ, అమ్మమ్మా వచ్చారు. పెద్దావిడ కూర్చోకముందే తేల్చేసింది. "డాక్టరమ్మా, కళ్లకేం లేదమ్మా, దీపం చూపిస్తే చూస్తానే ఉంది. వాళ్లు పొమ్మన్నారని వచ్చాం." ఆ వెంటనే ఇంకో మాట, కొంచెం గర్వంగానే: "పెట్టెలో ఉన్నన్నాళ్లూ ఆ మిషన్‌లో నూటికి నూరు ఉండేదమ్మా. ఒక్కరోజు కూడా తగ్గలా."

కన్ను చూడకముందే నాకు ఆ మాట దగ్గరే గుండె జారింది.

పెద్దవాళ్లకి వేసే కంటిపాప పెద్దదయ్యే మందునే సగానికి సగం లూబ్రికెంట్ చుక్కలతో కలిపి పలచన చేసి పసిపిల్లలకి వేస్తాం, లేకపోతే బీపీ పెరుగుతుంది. పది పదిహేను నిమిషాల తేడాతో మూడుసార్లు వేశాం. గుడ్డలో గట్టిగా చుట్టి, నాలుక మీద రెండు చుక్కల పంచదార నీళ్లు వేసి, రెప్పలు విప్పి పట్టే చిన్న తీగ క్లిప్పు పెట్టి, కంటి లోపల చూసే ఇన్‌డైరెక్ట్ అనే పరికరం తలకి తగిలించుకుని 28 డయాప్టర్ల లెన్స్‌తో లోపలికి చూశాను. ఆ వయసులో కన్ను మొత్తం కలిపి ఓ రేగుపండంత ఉంటుంది. నరం దగ్గర్నుంచి బయల్దేరే రక్తనాళాలు మామూలుగా సన్నగా, చెట్టు కొమ్మల్లా సాఫీగా పోతాయి. ఇక్కడ ధమనులు మెలికలు తిరిగిపోయి ఉన్నాయి, సిరలు ఉబ్బి ఉన్నాయి. దీన్ని ప్లస్ అంటాం. అంచువైపు వెళ్తే నాళాలు ఆగిపోయిన చోట ఒక గట్టు, గట్టు మీద ఎర్రగా కొత్త నాళాల గుబురు, గట్టు దాటితే ఏమీ లేదు, పాలిపోయిన బూడిద రంగు అంతే. రెండు కళ్లూ ఒకటే తీరు. జోన్ 2, స్టేజ్ 3, ప్లస్. (జోన్ అంటే నాళాలు ఎంతదాకా వచ్చాయో, 1 నరం చుట్టూ, 3 చిట్టచివరి అంచు; స్టేజ్ అంటే జబ్బు ఎంత ముదిరిందో.) రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ, మా భాషలో ఆర్వోపీ. ఈ స్థాయికి 48 నుంచి 72 గంటల్లో వైద్యం జరగాలి. వదిలేస్తే ఆ గుబురు ముడుచుకుంటూ రెటీనాని, అంటే కంటి వెనక ఉండే చూపు పొరని, లాగి ఊడదీస్తుంది. పూర్తిగా ఊడాక పెద్ద ఆపరేషన్ చేసినా వెలుతురు తెలిస్తే అదే గొప్ప.

బాబుని కూడా చూశాను. జోన్ 3, స్టేజ్ 1, ఒక పల్చటి గీత. అప్పుడప్పుడూ చూస్తూ ఉంటే చాలు, దానంతటదే పోతుంది (పోయింది కూడా).

ఒకే కడుపు, ఒకే రోజు, ఒకే నర్సరీ (పసిపిల్లల వార్డు). ఒకరికి 3 రోజుల ఆక్సిజన్, ఇంకొకరికి 19 రోజులు. చూడగానే "ఆక్సిజనే చేసింది" అనాలనిపిస్తుంది. అనేయకూడదు. పాప బరువు తక్కువ, ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఒంట్లో బాగోలేదు గనకే ఆక్సిజన్ అన్నాళ్లు పట్టింది. అసలు కారణం ఆక్సిజనా, లేక ఆక్సిజన్ అవసరమైనంత జబ్బు ఉండటమా? ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి ఇది తేల్చలేం. 1940ల చివర్లో వాషింగ్టన్‌లో ఒక కుర్ర డాక్టరు సరిగ్గా ఈ చిక్కు దగ్గరే ఆగాడు. ఆయన పేరు ఆర్నాల్ పాట్జ్. నేను ఆర్వోపీ చూసే ప్రతి వారమూ ఎక్కడో ఒకచోట ఆయన పనిని వాడుకుంటూనే ఉంటాను, అందుకే ఈ కేసుతో పాటు ఆయన కేసు కూడా రాస్తున్నాను.

1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ ఈ జబ్బుని మొదట వర్ణించాడు. నెలలు తక్కువ పిల్లల్లో లెన్స్ వెనక తెల్లటి పొర కట్టి చూపు పోతోంది. తర్వాతి పదేళ్లలో ప్రపంచం మొత్తం మీద ఇలా చూపు పోయిన పిల్లలు దాదాపు 10,000 మంది ఉంటారని అంచనా. 1950లో నెలలు నిండకుండా పుట్టిన స్టీవీ వండర్ చూపు పోయింది ఈ జబ్బుతోనే. కారణం ఎవరికీ తెలియదు. విటమిన్ ఇ తక్కువన్నారు, ఇనుము ఎక్కువన్నారు, వెలుతురన్నారు. విచిత్రం ఏంటంటే బీదా బిక్కీ పోయే చోట కాదు, కొత్త ఇంక్యుబేటర్లు, పుష్కలంగా ఆక్సిజన్ ఉన్న మంచి ఆసుపత్రుల్లోనే ఎక్కువ వస్తోంది.

పాట్జ్ 1920లో జార్జియా రాష్ట్రంలోని ఎల్బర్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు, ఎమరీలో ఎండీ చేశాడు. వాషింగ్టన్‌లో గాలింజర్ మునిసిపల్ హాస్పిటల్‌లో కంటి రెసిడెంట్‌గా ఉన్నప్పుడు, చూపు పోయిన పిల్లలందరూ రోజుల తరబడి దండిగా ఆక్సిజన్ తీసుకున్నవాళ్లే అని గమనించాడు. గమనించినవాళ్లు ఇంకా ఉన్నారు. 1951లో మెల్‌బోర్న్ నుంచి కేట్ క్యాంప్‌బెల్ తన అనుమానం రాసింది. పాట్జ్ అనుమానం దగ్గర ఆగలేదు. పిల్లల డాక్టరు లెరాయ్ హోక్‌తో కలిసి పిల్లల్ని రెండు గుంపులు చేశాడు, ఒక గుంపుకి అప్పటి ఆనవాయితీ ప్రకారం ఎక్కువ ఆక్సిజన్, ఇంకో గుంపుకి నిజంగా అవసరమైతేనే, అదీ 40 శాతానికి మించకుండా. నిధుల కోసం ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌ని అడిగితే కాదన్నారు. ఆక్సిజన్ తగ్గిస్తే పిల్లలు చచ్చిపోతారని వాళ్ల భయం. ఈయన అన్న దగ్గర అప్పు చేసి నడిపాడు. మన దగ్గర పీజీలు థీసిస్ పేరుతో ఎలా పేజీలు నింపుతారో తెలిసినవాళ్లకి, ఒక రెసిడెంట్ సొంత అప్పుతో ట్రయల్ నడిపాడంటే ఏమనిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ వదలని ముక్క ఒకటుంది. తక్కువ ఆక్సిజన్ గుంపులో పిల్లల్ని చూసి నర్సులు తట్టుకోలేకపోయారు. డాక్టరు ఈ పసికందుల్ని చంపేస్తున్నాడనుకుని, రాత్రిపూట ఆయన వెళ్లిపోయాక కొందరు నాబ్ తిప్పి ఆక్సిజన్ పెంచేసేవారు. చార్టులో ఒకటి, పెట్టెలో ఇంకొకటి. ఇంత జరిగినా తేడా దాగలేదు. 1952లో ప్రచురించిన ఫలితాల్లో తీవ్రమైన జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ ఆక్సిజన్ గుంపులోనే ఉన్నారు, తగ్గించిన గుంపులో ఒక్కరూ లేరు. దాని మీద 1953లో 18 ఆసుపత్రులు కలిసి, ఎవరెట్ కిన్సీ ఆధ్వర్యంలో పెద్ద ట్రయల్ మొదలుపెట్టాయి. 1954లో జవాబు ఖాయమైంది. లండన్‌లో నార్మన్ ఆష్టన్ పిల్లికూనల కళ్లలో ఆక్సిజన్ ఎదుగుతున్న నాళాల్ని ఎలా మూసేస్తుందో చూపించాడు. 1956లో పాట్జ్‌కీ కిన్సీకీ లాస్కర్ అవార్డు వచ్చింది. ఇచ్చింది హెలెన్ కెల్లర్.

మళ్లీ నా పాప దగ్గరికి. మర్నాడు పొద్దున్నే లేజర్ అని చెప్పాను. అమ్మమ్మకి సంగతి అర్థం కావాలి, లేకపోతే రాత్రికి రాత్రి బిడ్డల్ని ఎత్తుకుని ఊరెళ్లిపోతారు, అలా పోయినవాళ్లని చూశాను. వాళ్లది సాగర్ కుడి కాలువ కింద చివరి ఆయకట్టు. అదే పట్టుకున్నాను. "అమ్మా, కంటి లోపల నాళాలు కాలువల్లాంటివి. మధ్యలో మొదలై అంచులకి పారాలి, తొమ్మిది నెలలు నిండేసరికి చివరి భూమికి నీళ్లు అందుతాయి. మీ పిల్ల ముందే పుట్టింది, కాలువ సగంలో ఉంది. బయటికొచ్చాక ఆక్సిజన్ మరీ ఎక్కువ దొరికేసరికి కాలువ తవ్వకం అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు చివరి భూమి ఎండిపోయి నీళ్లో అని గోల పెడుతోంది. ఆ గోలకి అడ్డదిడ్డంగా గండ్లు పడుతున్నాయి." ఆవిడ కాసేపు ఆలోచించి అడిగింది, "అయితే చివరి భూమికి నీళ్లు తెప్పిస్తావా?" లేదమ్మా, చివరి భూమిని బీడు పెట్టేస్తాను, గోల ఆగితే మధ్య పొలం దక్కుతుంది, అన్నాను. "మధ్య పొలం దక్కితే చాల్లే" అంది. నేను ఇంతకంటే మంచి కన్సెంట్ ఎప్పుడూ తీసుకోలేదు.

ఆ గోలకి శాస్త్రంలో పేరు వీఈజీఎఫ్, కొత్త నాళాల్ని మొలిపించే పదార్థం. రెటీనాలో అలాంటి పదార్థం ఏదో ఉండాలని మైకేల్సన్ 1948లోనే ఊహించాడు, దాన్ని గుర్తించి పట్టుకునేసరికి 1989 అయింది. దాన్ని నేరుగా అణిచే బెవాసిజుమాబ్ ఇంజక్షన్ నా ఫ్రిజ్‌లో ఉంది, చవక, ఐదు నిమిషాల పని. జబ్బు జోన్ 1లో ఉంటే నేనూ అదే వేస్తాను, 2011లో వచ్చిన బీట్-ఆర్వోపీ ట్రయల్‌లో మేలు తేలింది కూడా ముఖ్యంగా జోన్ 1లోనే. కానీ ఇంజక్షన్ తర్వాత జబ్బు నెలల తర్వాత మళ్లీ లేవొచ్చు, వారం వారం పట్టుకుని చూడాలి. వీళ్ల ఊరు నుంచి రెండు బస్సులు మారాలి. జోన్ 2 జబ్బు, దూరం ఊరు, చంకలో ఇద్దరు పిల్లలు. లేజరే సరైందనుకున్నాను.

పొద్దున ఏడున్నరకి మొదలుపెట్టాం. పిల్లల డాక్టరు పక్కన నిలబడి ఊపిరి, గుండె చూసుకుంటున్నారు, కంటికి మత్తు చుక్కలు మాత్రమే. తలకి తగిలించుకున్న లేజర్‌తో, గట్టుకి అవతల ఉన్న బూడిద రంగు మేర అంతా, చుక్క పక్కన చుక్క. కుడి కంటికి దాదాపు 1,900, ఎడమ కంటికి 2,100 పైచిలుకు. మధ్యలో రెండుసార్లు పాప ఊపిరి ఆపితే ఆగి, పాదం తట్టి, మళ్లీ మొదలుపెట్టాం. రెండు గంటలు వంగే ఉండటంతో మెడ పట్టేసింది.

ఇక్కడ పాట్జ్ మళ్లీ వస్తాడు. లాస్కర్ రాగానే ఆయన పెద్ద పదవిలో కూర్చోలేదు. బాల్టిమోర్‌లో ప్రైవేటు ప్రాక్టీసు చేసుకుంటూ, జాన్స్ హాప్కిన్స్ వారి విల్మర్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో పార్ట్ టైమ్‌గా చాలా ఏళ్లు గడిపాడు, పూర్తికాలం చేరింది 1970లో. పట్టుకున్న ప్రశ్న మాత్రం మారలేదు: నాళాలు ఎందుకు ఆగుతాయి, ఆకలి వేసిన రెటీనా కొత్త నాళాల్ని ఎందుకు మొలిపిస్తుంది. ఆ ప్రశ్నే ఆయన్ని పసిపిల్లల నుంచి షుగర్ పేషెంట్ల దగ్గరికి తీసుకెళ్లింది, ఎందుకంటే షుగర్‌లో జరిగేదీ అదే, నాళాలు మూసుకుపోవడం, గోల, గండ్లు. అప్పటికి ఉన్న రూబీ లేజర్ ఎర్ర కాంతి, రక్తం దాన్ని సరిగ్గా పీల్చుకోదు. ఆర్గాన్ లేజర్ నీలం, ఆకుపచ్చ, దాన్ని రక్తం బాగా పీల్చుకుంటుంది. 1960ల చివర్లో హాప్కిన్స్ అప్లయిడ్ ఫిజిక్స్ లాబొరేటరీ ఇంజనీర్లతో కూర్చుని కంటికి పనికొచ్చే తొలి ఆర్గాన్ లేజర్లలో ఒకదాన్ని తయారు చేయించాడు. అమెరికాలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీ 1976లో లేజర్ చేస్తే తీవ్రంగా చూపు పోయే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని చెప్పింది, ఈ రోజు మన ఊళ్లలో షుగర్ పేషెంట్లకి చేసే లేజర్‌కి పునాది అదే. నా తల మీద ఉన్నది ఆర్గాన్ కాదు, 532 నానోమీటర్ల ఆకుపచ్చ, అయినా ఆ వంశమే. జబ్బుకి కారణం చెప్పడంలోనూ, దాన్ని ఆపే పరికరం కంటిదాకా రావడంలోనూ ఒకే మనిషి చెయ్యి ఉండటం నాకు తెలిసి అరుదు.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. తిట్టడానికి కాదు. పాప కేస్ షీట్ చూడాలనిపించింది. హుడ్ (బిడ్డ తల చుట్టూ పెట్టే ఆక్సిజన్ డబ్బా), నిమిషానికి రెండు లీటర్లు, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 99, 100, 100, 99, ఒకే చేతిరాత, ఒకే పెన్ను. ఆక్సిజన్‌ని గాలితో కలిపి శాతం కుదిర్చే బ్లెండర్ లేదు. సిలిండర్ నుంచి నేరుగా వస్తుంది గనక హుడ్‌లో ఎంత శాతం ఉందో ఎవరికీ తెలియదు. నైట్ సిస్టర్‌ని అడిగాను. ముందు భయపడింది, టీ తాగాక చెప్పింది. "రాత్రి ఒక్కదాన్నే మేడం. ఆరుగురు పిల్లలు. ఒకళ్లకి పాలు పడుతుంటే ఇంకొకళ్లు నీలంగా అయిపోతే? అందుకే కొంచెం పెంచి పెట్టుకుంటాను. షీట్‌లో ఆర్డరే రాస్తాను." గాలింజర్ నర్సులు గుర్తొచ్చారు. డెబ్భై ఏళ్ల తర్వాత, భూమికి అటువైపు, అదే చెయ్యి అదే నాబ్ మీద, అదే ప్రేమతో.

దీనికి తోడు కోవిడ్. 2021 తర్వాత మన ఇళ్లలో ఆక్సీమీటర్ లేని ఇల్లు లేదు, 94 కిందకి పడితే ప్రాణం మీదికొచ్చినట్టే అని అందరికీ నాటుకుపోయింది. మానిటర్ మీద 100 చూస్తే ఫస్ట్ ర్యాంక్ వచ్చినంత సంబరం. 93 ఉంటే బయట కూర్చున్న తాతయ్య సిస్టర్ని నిలదీస్తాడు. కానీ ఆక్సిజన్ పెట్టిన నెలలు తక్కువ బిడ్డకి 100 మంచి మార్కు కాదు. కడుపులో ఉన్నప్పుడు ఆ రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 30 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. బయట అది 100 ఉన్నా, 300 ఉన్నా మిషన్ చూపించేది 100 అనే. అంటే ఆ అంకె పడిందంటే ఎంత ఎక్కువైందో మనకి తెలియదని అర్థం.

సిస్టర్ భయం మాత్రం ఉత్తది కాదు, పాట్జ్ కథలో చేదు భాగం కూడా ఇదే. 1954 తర్వాత ఆ ఫలితాన్ని నర్సరీలు ఒక గుడ్డి నియమంగా మార్చేశాయి, 40 శాతం దాటొద్దు, అంతే. చూపు పోయే కేసులు పడిపోయాయి, కానీ ఊపిరితిత్తులు ఎదగని పిల్లలు చనిపోయారు, బతికినవాళ్లలో మెదడు దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. 1973లో కెన్నెత్ క్రాస్ లెక్క వేసి, ఒక బిడ్డ చూపు కాపాడినందుకు దాదాపు 16 మంది ప్రాణాలు పోయి ఉంటాయన్నాడు. తప్పు ట్రయల్‌ది కాదని నా అభిప్రాయం, పెట్టెలో గాలిని కొలిచి బిడ్డ రక్తాన్ని కొలిచామనుకున్నారు. రక్తంలో కొలిచే సాధనం చేతికి రావాలంటే జపాన్‌లో టకువో అయోయాగి పల్స్ ఆక్సీమెట్రీ కనిపెట్టే 1970ల దాకా, అది నర్సరీకి చేరే 1980ల దాకా ఆగాలి. 2010లో వచ్చిన సపోర్ట్ ట్రయల్‌లో కూడా ఇదే బేరం: శాచురేషన్ 85 నుంచి 89 మధ్య ఉంచితే తీవ్రమైన ఆర్వోపీ తగ్గింది, మరణాలు పెరిగాయి. అందుకే ఇప్పుడు 90 నుంచి 95 మధ్య అంటున్నాం. సిస్టర్‌తో తక్కువ పెట్టమని అనలేదు. పై అలారం 95 దగ్గర పెట్టమన్నాను, ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకి మాత్రమే. అప్పటిదాకా ఆ మానిటర్‌కి పై అలారం కూడా ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. బ్లెండర్ సంగతి ఓనర్ డాక్టరు గారితో మాట్లాడాను. నాలుగు నెలలకి ఒకటి కొన్నారు.

ఇక ఆ ఎనిమిది రోజులు. మన దేశంలో 2,000 గ్రాముల లోపు గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకీ 30 రోజుల్లోపు కన్ను చూడాలి, మరీ చిన్నవాళ్లకి ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. అమెరికా గీత 1,500 గ్రాములు, 30 వారాలు. ఆ గీతే పట్టుకుంటే మన దగ్గర బరువున్న పిల్లలు బోలెడంతమంది తప్పిపోతారు, ఎందుకంటే మన నర్సరీల్లో ఆక్సిజన్ తీరు వేరు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్ సుభద్ర జలాలి గారు 1990ల చివర్లోనే జంట నగరాల నర్సరీలకి వెళ్లి చూసే పద్ధతి మొదలుపెట్టారు. పిల్లలు మన దగ్గరికి రావడం కాదు, మనం పోవాలి అని. నేను ఆ ముక్క చదువుకున్నాను, కానీ నా చుట్టుపక్కల ఏడు నర్సరీల్లో రెండింటికే వెళ్లేదాన్ని. ఈ పాప మూడో దాంట్లో పుట్టింది. పాప 26వ రోజు ఇంటికెళ్లింది, తల్లి 29వ రోజు బయల్దేరదామంది. "అమావాస్య ముందర పసిబిడ్డల్ని గడప దాటిస్తామా" అని పెద్దావిడ ఆపింది. ఆవిడకి 30 అనే అంకె ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే అమావాస్య అడ్డు వచ్చి ఉండేది కాదని నాకు గట్టి నమ్మకం, ఆయకట్టు మాట పడగానే తెల్లారేసరికి సిద్ధమైన మనిషి.

వారానికి ప్లస్ తగ్గింది. మూడు వారాలకి గుబురు ఎండిపోయి, లేజర్ మచ్చలు నల్లగా తేలాయి, రెటీనా రెండు కళ్లలోనూ అతుక్కునే ఉంది. మధ్య పొలం దక్కింది. ఊరకే కాదు, తొమ్మిది నెలలకి చూస్తే కుడి కంటికి మైనస్ 4, ఎడమ కంటికి మైనస్ 5, కొద్దిగా మెల్ల కూడా ఉంది. వెనక ఎలాస్టిక్ ఉన్న అద్దాలు రాశాను. ఏడాదిన్నరకి వచ్చినప్పుడు పాప దూరంగా గోడ మీద బల్లిని చూపించి ఏదో అంది. ఫ్రేము అప్పటికే రెండోది. మొదటిది పాప విరగ్గొట్టలేదట. కళ్లు బాగానే ఉన్న బాబు లాక్కుని పెట్టుకుంటున్నాడట, తీస్తే ఏడుపు. అమ్మమ్మ నన్నడిగింది, "వీడికి కూడా ఓ ఉత్త అద్దాలు రాసివ్వమ్మా, ఇంట్లో గొడవ పడలేకపోతున్నాం." తర్వాతి విజిట్ ఆరు నెలలకి.